టాపెట్ కవర్ ప్యాకింగ్ ఇంట్లో మార్చుకోవచ్చా?

ఇంజను నుంచి నూనె కారడం గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలోని సందేహం చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: మాది 2012 మోడల్ వ్యాగన్ ఆర్, 998 సి.సి. పెట్రోల్ ఇంజను. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా బండి ఆపిన ప్రతిసారీ బానెట్ దగ్గర నూనె మాడిన వాసన వస్తోంది. ఇంటి ముందు గచ్చు మీద చిన్న చిన్న మరకలు పడుతున్నాయి. ఒక షెడ్డులో చూపిస్తే మెయిన్ ఆయిల్ సీల్ పోయిందని, గేరుబాక్సు దించాలని అన్నారు. ఇంకో షెడ్డులో టాపెట్ కవర్ ప్యాకింగ్ మారిస్తే చాలన్నారు. నాకు పానాలు పట్టడం కొంత వచ్చు. ఎవరి మాట నమ్మాలి? ప్యాకింగే అయితే ఇంట్లో నేనే మార్చుకోవచ్చా? – ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: టాపెట్ కవర్ ప్యాకింగే అయితే మీరే మార్చుకోవచ్చు. కాకపోతే ఎవరి మాట నమ్మాలన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పేది కాదు, మీ బండి చెప్పాలి. ఆ మాట చెప్పించే పద్ధతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పనిలో జరిగే నష్టాలలో ఎక్కువ భాగం బిగింపులో కాదు, కారుతున్న చోటును తప్పుగా గుర్తించడంలో జరుగుతుంది.

టాపెట్ కవర్ అంటే ఇంజను నెత్తిన మూతలా ఉండే భాగం. నూనె పోసే మూత దాని మీదే ఉంటుంది. కవరుకీ, దాని కింద ఉండే సిలిండర్ హెడ్డుకీ మధ్య చుట్టూ ఒక రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. కొత్తది చేతిలో పట్టుకుంటే చెప్పుల రబ్బరులా వంగుతుంది, వదిలితే మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. పదేళ్ల పాటు వేడి నూనెలో ఉడికిన తరువాత అదే రబ్బరు ఎండిన చింతబరికెలా గట్టిపడి, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. రెండు లోహపు ముఖాలు ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య కంటికి ఆనని ఎగుడుదిగుళ్లు ఉంటాయి, వాటిలోకి ఒదిగిపోవడమే రబ్బరు చేసే పని. గట్టిపడిన రబ్బరు ఒదగలేదు కాబట్టి ఆ సందులోంచి నూనె చెమరుస్తుంది.

చెమర్చిన నూనె పుట్టిన చోటే ఉండిపోతే ఈ తికమక ఉండేది కాదు. కవరు మూల నుంచి బయలుదేరిన నూనె హెడ్డు గోడ మీదుగా, బ్లాకు మీదుగా దిగి, ఇంజనూ గేరుబాక్సూ కలిసే అతుకు దగ్గరకు చేరి, అక్కడి నుంచి చుక్కలుగా నేల మీద పడుతుంది. ఆ అతుకు లోపల, క్రాంక్‌షాఫ్ట్ చివర ఉండే మెయిన్ ఆయిల్ సీల్ పోయినా నూనె సరిగ్గా అక్కడే పడుతుంది. బండి కింద పడుకుని చూసే మనిషికి తడిసిన అతుకు ఒక్కటే కనిపిస్తుంది గనుక, గేరుబాక్సు దించాలని చెప్పడంలో దురుద్దేశం ఉండనక్కర లేదు. అయినా పై నుంచి కారుతున్న నూనె కోసం గేరుబాక్సు దించి సీలు మార్పించుకుని, వారం తిరక్కుండానే మళ్ళీ అవే మరకలు చూసుకున్నవారు నాకు తెలుసు. నూనె కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. అందుచేత తడి కనిపించిన చోట్లన్నిటిలోకీ అన్నిటికంటే ఎత్తున ఉన్న తడి ఎక్కడుందో వెతకాలి.

దానికి ఇలా చేయండి. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, కవరు అంచు చుట్టూ, హెడ్డు గోడలూ, గేరుబాక్సు అతుకూ డీగ్రీజర్‌తోనో, కొంచెం కిరోసిన్‌లో తడిపిన గుడ్డతోనో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. కిరోసిన్ వాడితే అది పూర్తిగా ఆరిపోయేదాకా ఇంజను స్టార్ట్ చేయకండి. నీళ్ల పైపు పెట్టి కడగవద్దు, ప్లగ్గుల మీద ఉండే కాయిల్స్‌లోకీ కనెక్టర్లలోకీ నీరు వెళ్తే కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఆరిన తరువాత కవరు అంచు కింద, హెడ్డు గోడ మీద ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. పది పదిహేను నిమిషాలు ఇంజను నడవనిచ్చి, ఆపి, టార్చిలైటు వేసి చూడండి. తెల్లటి పౌడరు మీద నూనె గీత గోధుమరంగులో స్పష్టంగా కనిపిస్తుంది, అది ఎక్కడ మొదలైందో కూడా కనిపిస్తుంది. కారడం మరీ నెమ్మదిగా ఉంటే రెండు రోజులు బండి తిప్పి చూడండి. కవరు వెనక మూలలు నేరుగా కనిపించవు, అక్కడ చేతి అద్దం కానీ ఫోను కెమెరా కానీ ఉపయోగపడుతుంది. పై భాగమంతా పొడిగా ఉండి అతుకు ఒక్కటే తడిస్తే మొదటి షెడ్డువారి మాటే నిజమై ఉండవచ్చు. గీత కవరు అంచు నుంచి మొదలైతే రెండో షెడ్డువారి మాట నిజం.

మీరు చెప్పిన మాడు వాసనను బట్టి చూస్తే నాకూ కవరు మీదే అనుమానం. కవరు అంచు నుంచి జారిన నూనె కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాల భాగం) మీద పడితే అచ్చం అలాంటి వాసనే వస్తుంది, ఒక్కోసారి సన్నటి పొగ కూడా లేస్తుంది. దీన్ని వాసనే కదా అని వదిలేయకండి. మానిఫోల్డ్ మీద నూనె చేరడం అగ్నిప్రమాదానికి దారి తీయగలదు. పొగ కనిపిస్తున్నట్లయితే ప్యాకింగ్ మార్చేదాకా బండిని దూరప్రయాణాలకు తీయకండి.

ఇక్కడ ఇంకో పరీక్ష చేయాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. ప్యాకింగ్ వయసు మీరి పోయిందా, లేక లోపలి ఒత్తిడి దాన్ని తోసేస్తోందా అన్నది చూడాలి. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు ఎప్పుడూ ఇంజను అడుగుకు జారుతూ ఉంటుంది. దాన్ని తిరిగి ఇంజనులోకి పీల్పించడానికి పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపు ఉంటాయి. అవి జిడ్డుతో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, నూనె బలహీనమైన సందు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి బయటపడుతుంది. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా నూనె పోసే మూత వదులు చేసి చూడండి. మూతను లోపలికి లాగుతున్నట్లు కొద్దిగా అనిపిస్తే మంచిదే. గాలి బుస్సుమని పైకి తన్ని, మూత ఎగిరెగిరి పడుతుంటే పీసీవీ వాల్వును చూడాలి. చాలా రకాల పీసీవీ వాల్వులను విప్పి చెవి దగ్గర ఊపితే లోపల టకటక మని చప్పుడు వస్తుంది, చప్పుడు లేకపోతే అది పట్టేసినట్లే. దాన్ని అలాగే ఉంచి కొత్త ప్యాకింగ్ వేస్తే అది కూడా కొన్ని నెలల్లోనే చెమర్చడం మొదలుపెడుతుంది.

ఇక పనిలోకి వద్దాం. సామాను కొనేటప్పుడు ఒక్క ప్యాకింగే కాక, ప్లగ్గు గొట్టాల చుట్టూ వచ్చే రబ్బరు సీళ్లు, కవరు బోల్టుల కింద ఉండే రబ్బరు వాషర్లు కూడా అడిగి తీసుకోండి. మోడల్ పేరు ఒక్కటే చెబితే పొరపాటు జరుగుతుంది, ఆర్.సి.లో ఉన్న ఛాసిస్ నంబరు చూపించండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో తిరిగితే ఇదే ప్యాకింగ్ మూడు నాలుగు ధరలలో దొరుకుతుంది. ఈ ఒక్క వస్తువు విషయంలో మాత్రం కంపెనీ సరుకే కొనమని నా సలహా. చవకరకం ప్యాకింగ్ కొలతలో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా గాడిలో సరిగ్గా కూర్చోదు, అది తెలిసేది మీరు అంతా బిగించిన తరువాతే. పనిముట్లలో 10 ఎం.ఎం. సాకెట్, చిన్న రాట్చెట్, ఎక్స్‌టెన్షన్ కడ్డీ, ప్లాస్టిక్ గీకుడు చెక్క, పోగులు రాలని గుడ్డలు, బ్రేక్ క్లీనర్ డబ్బా, చిన్న కొలతల టార్క్ రెంచి (బోల్టుకు ఎంత బిగింపు పడిందో చూపే పానా) ఉండాలి. టార్క్ రెంచి అద్దెకో, అరువుకో దొరికితే కొననక్కరలేదు కానీ అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఇంజను రాత్రంతా చల్లారిన ఉదయం పూట పని పెట్టుకోండి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఏ పైపు ఎక్కడిదో, ఏ కనెక్టరు ఎటు పోతోందో ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీసుకోండి. తరువాత కవరు చుట్టూ పేరుకున్న దుమ్మును బ్రష్షుతో, గాలితో పూర్తిగా శుభ్రం చేయండి. మన ఊళ్ల ఎండాకాలపు రోడ్ల మీద తిరిగిన బండి కవరు గాడుల్లో ఇసుక చేరి ఉంటుంది. కవరు లేపిన మరుక్షణం ఆ ఇసుక వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీద పడితే అక్కడి నుంచి నూనెతో కలిసి బేరింగుల దాకా పోతుంది. ఈ శుభ్రతకు అరగంట పట్టినా ఆ అరగంట వృథా కాదు.

కాయిల్స్ తీసేటప్పుడు కనెక్టరు గొళ్ళేన్ని వేలితో నొక్కి లాగాలి. పదేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విరుగుతుంది. కాయిల్ బయటికి తీసినప్పుడు దాని రబ్బరు కాడను చూడండి. అది నూనెలో తడిసి ఉంటే ప్లగ్గు గొట్టం సీలు కూడా పోయినట్లు. మీ బండి పికప్‌లో అప్పుడప్పుడు మిస్సింగ్ కొడుతుంటే దానికి కారణం కూడా ఇదే అయి ఉండవచ్చు. గొట్టంలో నూనె నిలిచి ఉండగా ప్లగ్గు విప్పకండి, ఆ నూనె నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది. ముందు సన్నటి పైపు తగిలించిన సిరంజితో నూనె లాగేసి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచిన తరువాతనే ప్లగ్గును ముట్టుకోండి.

కవరు బోల్టులను అంచుల నుంచి మధ్యకు, ఎదురెదురుగా, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేస్తూ విప్పండి. అన్నీ తీసినా కవరు రాకపోవచ్చు, పాత రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. అల్యూమినియం ముఖం మీద పడిన గీత ఎప్పటికీ పోదు, రేపు కొత్త ప్యాకింగ్ వేసినా ఆ గీత గుండానే నూనె వస్తుంది. రబ్బరు సుత్తితోనో, సుత్తికి చెక్కముక్క అడ్డం పెట్టో కవరు పక్కలను మెల్లగా తట్టితే అది వదులుతుంది.

కవరు లేచాక లోపల కనిపించే దృశ్యాన్ని ఒక నిమిషం చూడండి. క్యామ్‌షాఫ్టులూ, వాటి చుట్టూ ఉన్న లోహమూ లేత తేనె రంగులో ఉంటే నూనె వేళకు మారుస్తున్నారన్న మాట. మూలల్లో నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంటే నూనె మార్చే వ్యవధి తగ్గించుకోవాలి. చూడటం అయిపోగానే శుభ్రమైన గుడ్డ కప్పేయండి. ఒక బోల్టో వాషరో జారి టైమింగ్ చైను గదిలోకి పడితే దాన్ని తీసేదాకా ఇంజను స్టార్ట్ చేయకూడదు. అందుకే విప్పిన ప్రతి బోల్టునూ లెక్కపెట్టి పళ్లెంలో పెట్టుకోమంటాను.

పాత ప్యాకింగును గాడిలోంచి పెరికేటప్పుడు అది ముక్కలవుతుంది. ఒక్క ముక్క కూడా లోపల పడకుండా చూసుకోండి. హెడ్డు ముఖం మీది జిడ్డునూ, పాత సిలికాన్ ఆనవాళ్లనూ ప్లాస్టిక్ చెక్కతో గీకి, బ్రేక్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టుకుని ఆ గుడ్డతో తుడవండి. డబ్బాతో నేరుగా ఇంజనులోకి కొట్టకండి. గరుకు కాగితం, గ్రైండర్‌కు తగిలించే బఫింగ్ చక్రం అసలు వాడకండి, వాటి నుంచి రాలే పొడి బేరింగులను అరగదీస్తుంది. తుడిచిన చోట వేలు రాస్తే గాజు మీద రాసినట్లు ఉండాలి, వేలికి జిడ్డు అంటకూడదు.

సిలికాన్ పేస్టు గురించి ఇక్కడే చెప్పాలి. గాడిలో కూర్చునే రబ్బరు ప్యాకింగుకు చుట్టూ పేస్టు పూయడం మన దగ్గర బాగా అలవాటైంది, కానీ అది తప్పు. పేస్టు జారుడుగా ఉండి బిగించేటప్పుడు రబ్బరును గాడిలోంచి పక్కకు నెట్టేస్తుంది. ప్యాకింగును పొడిగానే పెట్టాలి. ఒక్క మినహాయింపు ఏమిటంటే, టైమింగ్ చైను మూత హెడ్డును కలిసే చోట రెండు వైపులా సన్నటి అతుకు ఉంటుంది, ఆ రెండు అతుకుల మీద మాత్రం కందిగింజ అంత పేస్టు పెట్టాలి. రెండు లోహపు భాగాలు కలిసిన గీత మీదుగా రబ్బరు దాటే చోటు అది. ప్యాకింగ్ కొత్తదైనా అక్కడ పేస్టు లేకపోతే కారుతుంది. పేస్టు పెట్టిన తరువాత పైపొర గట్టిపడే లోపలే కవరు కూర్చోబెట్టాలి కాబట్టి మిగతావన్నీ సిద్ధం చేసుకుని దాన్ని ఆఖరున పెట్టండి.

కవరును తిరగేసేటప్పుడు ప్యాకింగ్ జారి వేలాడకుండా చూసుకుని, నిలువుగా దించండి. పక్కలకు జరపకండి. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పి, మర సరిగ్గా పట్టిందని తెలిసిన తరువాత, మధ్య నుంచి అంచులకు, ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగించండి. ఇలాంటి చిన్న కవరు బోల్టులకు సాధారణంగా 7 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది. మీ ఇంజనుకు ఖచ్చితంగా ఎంతో వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోండి. 10 న్యూటన్ మీటర్లంటే చేతికి ఎలా ఉంటుందో చెబుతాను. 10 సెంటీమీటర్ల పొడవున్న పిడి చివర సుమారు 10 కిలోల బరువు వేలాడదీసినంత. ఒక అడుగు పొడవున్న పానాతో బిగిస్తే మూడున్నర కిలోల తోపుకే ఆ బిగింపు వచ్చేస్తుంది. మగవాడి చేయి అంతకు పదింతలు అలవోకగా తోస్తుంది, తోసేస్తుంది కూడా.

చాలా ఏళ్ల కిందట నా సొంత బండికి మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేనూ అలాగే తోశాను. టార్క్ రెంచి ఎందుకు, చేతికి తెలియదా అనుకున్నాను. ఆఖరి బోల్టు మొదట గట్టిగా తగిలింది, ఇంకొంచెం తిప్పేసరికి ఒక్కసారిగా మెత్తబడిపోయింది. హెడ్డులోని అల్యూమినియం మర బోల్టుతో పాటు ఊడి వచ్చింది, బోల్టు పళ్ల మధ్య వెండితీగలా చుట్టుకుని ఉంది. ఆ మెత్తదనం ఈనాటికీ నా అరచేతిలో ఉంది. ఆ రంధ్రంలో కొత్త మర వేయించడానికి బండిని లాగించుకుని లేతు పనివాడి దగ్గరకు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఈ ప్యాకింగ్ పనిచేసేది రబ్బరు తన గాడిలో తగినంత నొక్కుకోవడం వల్ల, బోల్టు బలం వల్ల కాదు. ఎక్కువ బిగిస్తే రబ్బరు చితుకుతుంది, ప్లాస్టిక్ కవరైతే పగులుతుంది, అల్యూమినియమైతే మర పోతుంది. బిగించిన తరువాత చెమరిస్తే ఇంకొంచెం బిగిద్దామని అనిపిస్తుంది. అలా చేయకండి. విప్పి, రబ్బరు ఎక్కడ జారిందో చూడండి.

పేస్టు పెట్టారు కాబట్టి దాని ట్యూబు మీద రాసినంత సేపు ఆగండి, వీలైతే మరునాడు ఉదయం దాకా ఇంజను స్టార్ట్ చేయకండి. స్టార్ట్ చేసే ముందు గేజ్ కడ్డీ తీసి నూనె మట్టం చూసుకోండి, రెండు నెలలు కారింది కాబట్టి తగ్గే ఉంటుంది. మానిఫోల్డ్ మీద మిగిలిన పాత నూనె కాలి మొదటి ఒకటి రెండు రోజులు వాసన వస్తుంది, దానికి కంగారుపడకండి. మళ్ళీ పౌడరు చల్లి పరీక్ష చేయండి. మొదటిరోజు ఒకసారి, వారం తరువాత ఒకసారి కవరు అంచు చుట్టూ తెల్లకాగితంతో తుడిచి చూస్తే మీకే తెలుస్తుంది. మొదటిసారి చేసేవారికి మొత్తం పని మూడు నాలుగు గంటలు పడుతుంది.

ప్రశ్న: నూనెలో కలిపితే కారడం ఆగిపోయే మందు సీసాలు అమ్ముతున్నారు. ప్యాకింగ్ మార్చే బదులు అది పోస్తే సరిపోదా? – నంద్యాల పాఠకురాలు

జవాబు: సరిపోదు. అలాంటి మందులలో చాలావాటిలో రబ్బరును కొంచెం ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలు ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ చివర ఉండే సీళ్లు కొద్దిగా ఎండి చెమరుస్తుంటే వాటికి కొంతకాలం ఉపశమనం దొరకవచ్చు. గట్టిపడి పగిలిన కవరు ప్యాకింగును మాత్రం ఏ మందూ అతకదు. పైగా కవరు ప్యాకింగ్ మార్చడం ఇంజను పనులన్నిటిలోకీ తేలికైనది. దానికి మందు వెతకడం కంటే మార్చడమే చవక.

ప్రశ్న: మా కారు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. కూలెంట్ బయట ఎక్కడా కారకపోయినా డబ్బాలో తగ్గిపోతోంది, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు. మా బావగారు పానాలు బాగా పడతారు, ఇంటి దగ్గరే హెడ్డు దించి మార్చేద్దామంటున్నారు. వీడియోలు చూస్తే చేయగలమనిపిస్తోంది. – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ బావగారి చేతి మీద నాకు అనుమానం లేదు, అయినా ఈ పని ఇంటి దగ్గర వద్దు. పై ఉత్తరంలోని కవరు ప్యాకింగ్ ఒత్తిడి అంతగా లేని నూనెను ఆపితే చాలు. హెడ్డుకీ, దాని కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ ఒక పక్క మండుతున్న పెట్రోలు పేలుడు ఒత్తిడిని, ఇంకో పక్క కూలెంటును, మూడో పక్క నూనెను ఏకకాలంలో వేరువేరుగా నిలపాలి. రెండింటినీ ప్యాకింగ్ అనే అన్నా పనిలో పోలికే లేదు.

ముందు జబ్బు ఖాయం చేసుకోండి. మీరు చెప్పిన లక్షణాలతో పాటు, వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసన గల తెల్లపొగ రావడం, గేజ్ కడ్డీ మీద నూనె పాలు కలిపిన కాఫీలా మారడం ఈ జబ్బుకు గుర్తులు. నూనె మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ కనిపిస్తే దాన్ని బట్టి నిర్ణయానికి రాకండి, చలికాలంలో దగ్గర దూరాలు తిరిగే బండ్లలో తేమ చేరి కూడా అలా అవుతుంది. షెడ్డులో నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఒకటి ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా పంపితే, పెట్రోల్ ఇంజను పొగ అందులో కలిసి ఉన్నప్పుడు ద్రవం పసుపు రంగుకు మారుతుంది. ఈ పరీక్ష చేయించకుండా హెడ్డు విప్పించకండి. థర్మోస్టాట్ పట్టేసినా, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోయినా ముల్లు పైకి పోతుంది.

గ్యాస్కెట్టే పోయిందని తేలితే, ఇంటి పని ఎందుకు కాదో కారణం ఒక్కటే చెబుతాను. ఇంజను వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే అల్యూమినియం హెడ్డు వంగి ఉండే అవకాశం ఎక్కువ. చాలా కార్ల ఇంజనులలో హెడ్డు ముఖానికి అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మామూలు తెల్లకాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు, అంటే కాగితం మందంలో సగం. దాన్ని కంటితో కానీ, వేలితో కానీ కనిపెట్టలేరు. నికార్సైన స్ట్రెయిట్ ఎడ్జ్ కడ్డీని హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, మూలల వెంబడి పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి కొలవాలి. వంపు తేలితే లేతు షెడ్డులో ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని చదును చేయించాలి, పగుళ్లు ఉన్నాయేమో ఒత్తిడి పెట్టి చూడాలి. ఈ కొలత లేకుండా కొత్త గ్యాస్కెట్ వేసినందువల్లనే చాలా బండ్లు రెండు నెలల్లో మళ్ళీ షెడ్డుకు వస్తున్నాయి. దీనికి తోడు టైమింగ్ బెల్టునో చైనునో విప్పి సరిగ్గా గుర్తులకు గుర్తు కలిపి కట్టాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజను సరిగ్గా నడవదు, ఎక్కువ తప్పితే కొన్ని ఇంజనులలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. హెడ్డు బోల్టులు కూడా చాలా ఇంజనులలో ఒకసారి సాగిన తరువాత మళ్ళీ వాడకూడనివి, వాటిని ముందు ఇంత బిగువు, తరువాత ఇన్ని డిగ్రీల తిప్పు అన్న లెక్కతో బిగించాలి.

మీ బావగారు సాయం చేయాలనుకుంటే ఆయన అనుభవం షెడ్డులో పనికొస్తుంది. హెడ్డు వంపు ఎంత వచ్చిందో కొలిచి చూపించమని, ఫేసింగ్ తరువాత మళ్ళీ కొలిచి చూపించమని, కొత్త బోల్టులు వేశారో లేదో చూపించమని ఆయన పక్కనుండి అడగాలి. అంతవరకూ బండి నడపకండి. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత ఏ కారణం చేతనూ తెరవకండి. లోపలి ద్రవం ఒత్తిడిలో ఉండి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటుంది, మూత తీసిన క్షణాన ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

ప్రశ్న: గత నెలలో చాంబర్ కారుతోందని షెడ్డులో విప్పి, ప్యాకింగ్ లేకుండా ఒట్టి సిలికాన్ పేస్టుతో బిగించారు. అంచు చుట్టూ పేస్టు పొంగి బయటికి వచ్చి ఉంది. ఇది సరైన పనేనా? లేదంటే నేనే విప్పి మళ్ళీ చేసుకోవచ్చా? – అనకాపల్లి పాఠకుడు

జవాబు: ప్యాకింగ్ లేకుండా పేస్టుతో బిగించడం దానికదే తప్పు కాదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఇంజను అడుగున ఉండే చాంబర్‌ను కంపెనీవారే ప్యాకింగ్ లేకుండా, సిలికాన్ పేస్టు గీతతో బిగిస్తారు. నాకు భయం కలిగించింది పొంగి బయటికి వచ్చిందన్న మాట. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వచ్చి ఉంటుంది. లోపలికి వచ్చిన పేస్టు ఎండి, సేమ్యా తీగల్లా వేలాడి, తెగి నూనెలో పడి, ఆయిల్ పంపు పీల్చే జల్లెడకు అడ్డం పడవచ్చు. జల్లెడ మూసుకుంటే ఇంజనుకు నూనె అందదు. పేస్టు గీత దాదాపు 3 మిల్లీమీటర్ల లావున, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా ఒకే గీతగా ఉండాలి.

కాబట్టి తరువాత నూనె మార్పించేటప్పుడు చాంబర్ దింపించి జల్లెడ చూపించుకోండి. ఈ లోపల ఆయిల్ ప్రెషర్ లైటు క్షణం పాటు వెలిగినా ఇంజను వెంటనే ఆపేయండి.

మీరే విప్పే విషయానికొస్తే, పని కష్టమైనది కాదు కానీ అది బండి కింద పడుకుని చేసేది. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి చేయి కూడా పెట్టకండి. జాకీ టైరు మార్చడానికి మాత్రమే. ఇటుకలు పేర్చడం అంతకంటే ప్రమాదం, అవి బరువుకు ఒక్కసారిగా పగులుతాయి. మట్టి నేల మీద కాక చదునైన కాంక్రీటు గచ్చు మీద, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టి, బండి బరువుకు సరిపడే రెండు ఇనుప స్టాండ్లను బండి మాన్యువల్‌లో చెప్పిన చోట ఛాసిస్‌కు ఆనించి, బండిని చేతులతో గట్టిగా ఊపి చూసి, కదలదని తేలిన తరువాతనే కిందికి వెళ్లాలి. ఆ స్టాండ్లు లేకపోతే ఈ పనిని ర్యాంపు ఉన్న షెడ్డుకే వదలండి, మీరు పక్కన నిలబడి జల్లెడను మీ కళ్లతో చూసుకోండి.